కప్పు కారితే కళ కరుగుతుంది

న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఒకే సంస్థ కట్టిన ఐదు పాత థియేటర్లు... వాన నీరు నేర్పిన పాఠం

న్యూజెర్సీలో ఉండే తెలుగువారికి జర్నల్ స్క్వేర్ కొత్త చోటేం కాదు. పాత్ రైలు దిగి కొద్ది నిమిషాలు నడిస్తే న్యూవార్క్ అవెన్యూ మీద ఇండియా స్క్వేర్ వస్తుంది. పండగ సరుకులకనో, దోసె తిందామనో, చుట్టాలొస్తే చీరలు చూపిద్దామనో ఏడాదికి నాలుగైదుసార్లయినా అటు వెళ్లని కుటుంబం అరుదు. అదే స్టేషన్‌కు ఎదురుగా, నెత్తిన గడియారంతో ఒక పాత భవనం ఉంటుంది. గడియారం మీద గుర్రమెక్కిన సెయింట్ జార్జ్, ఎదురుగా డ్రాగన్. అది లోవ్స్ జెర్సీ థియేటర్. 1929 సెప్టెంబర్ 28న తెరుచుకుంది. మూడు వేల మంది పట్టే సినిమా హాలు. లోపలికి అడుగుపెడితే సినిమా హాలులా ఉండదు, రాజభవనంలా ఉంటుంది. స్తంభాలు, తోరణాలు, లతలు, పూల గుత్తులు, దేవతామూర్తులు కప్పు దాకా పరుచుకుని ఉంటాయి.

వాటిలో చాలా భాగం రాయి కాదు, పాలరాయి కాదు, చెక్క కూడా కాదు. ప్లాస్టర్. మన ఇళ్లలో ఫాల్స్ సీలింగ్‌కు వాడే పీఓపీకి దగ్గరి బంధువు. అందుకే ఈ భవనాలకు నిప్పుతో ఎంత ప్రమాదమో నీటితోనూ అంతే ప్రమాదం. నిప్పు ఒక్క రాత్రిలో పని ముగిస్తుంది. నీరు ఏళ్ల తరబడి, ఎవరికీ కనిపించకుండా పని చేస్తుంది.

ఐదుగురు తోబుట్టువులు

జర్నల్ స్క్వేర్‌లోని ఈ థియేటర్ ఒంటరిది కాదు. ఎంజీఎం చిత్ర నిర్మాణ సంస్థకు మాతృసంస్థ అయిన లోవ్స్ కంపెనీ 1929 జనవరి నుంచి 1930 ఫిబ్రవరి దాకా, అంటే పదమూడు నెలల వ్యవధిలో, న్యూయార్క్ చుట్టుపక్కల ఇలాంటివి ఐదు తెరిచింది. క్వీన్స్‌లో వాలెన్సియా, బ్రాంక్స్‌లో ప్యారడైజ్, బ్రూక్లిన్‌లో కింగ్స్, జెర్సీ సిటీలో లోవ్స్ జెర్సీ, మన్‌హట్టన్‌లో 175వ వీధి థియేటర్. ఈ ఐదింటినీ కలిపి 'వండర్ థియేటర్లు' అంటారు.

కట్టించింది ఒకే కంపెనీ. కాలం ఒకటే. మంచు, వాన, ఎండ కూడా ఒకటే. కానీ తొంభై ఏళ్ల తర్వాత చూస్తే వాటి తలరాతలు ఒక్కలా లేవు.

175వ వీధి థియేటర్‌ను 1969లో ఒక చర్చి సంస్థ కొనుక్కుంది. ఇప్పుడు దాని పేరు యునైటెడ్ ప్యాలెస్. ప్రార్థనలు, కచేరీలు, సినిమాలు అన్నీ జరుగుతుంటాయి. వాలెన్సియా కూడా 1977లో చర్చి అయింది. ప్యారడైజ్ 1994లో మూతబడి, మరమ్మతుల తర్వాత 2005లో మళ్లీ తెరుచుకుంది. లోవ్స్ జెర్సీ 1986లో మూతబడింది కానీ, దాన్ని వదలని జనం ఉన్నారు. ఆ సంగతి తర్వాత చెప్పుకుందాం. ఐదింటిలో అందరికంటే ఎక్కువ కష్టపడింది బ్రూక్లిన్ కింగ్స్. 1977లో తాళం పడింది. మళ్లీ తెర లేచింది 2015లో. మధ్యలో 37 ఏళ్లు.

ఆ 37 ఏళ్లలో కింగ్స్‌కు శత్రువులు ఇద్దరు. చేతికందింది పట్టుకుపోయిన దొంగలు ఒకరు. కప్పు నుంచి దిగిన నీరు ఇంకొకరు. దొంగలు తీసుకెళ్లినవాటికి లెక్క ఉంటుంది. నీరు తీసుకెళ్లినదానికి లెక్క ఉండదు. కప్పు కారింది. కారిన చోట ప్లాస్టర్ నాని, రంగు పొరలు పొరలుగా లేచి, పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఫ్రాన్స్ రాజభవనాలను, పారిస్ ఒపేరాను తలపించేలా తీర్చిన గోడల మీద నల్లటి చారలు, కింద కుర్చీల మీద పూల గుత్తుల ముక్కలు మిగిలాయి.

చర్చి ఉన్న చోట వాన కురవలేదా? కురిసింది. తేడా ఒక్కటే. వారం వారం మనుషులు వచ్చే హాల్లో కప్పు మీద మరక కనబడితే ఎవరో ఒకరు తలెత్తి చూస్తారు. ముందు బకెట్ పెడతారు, తర్వాత రూఫర్‌ను పిలుస్తారు. తాళం వేసిన హాల్లో ఆ మొదటి మరకను చూసేవాడు లేడు. మనుషులు మసలని ఇల్లు పాడుపడుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

గచ్చు వేరు, జిప్సం వేరు

ఇక్కడ కాస్త పని గురించి తెలుసుకోవాలి. మన పాత మండువా ఇళ్లు, గుళ్లు, కోటల్లో గోడలకు వేసింది సున్నపు గచ్చు. సున్నం, ఇసుక గానుగలో తిప్పి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి తాపీ మేస్త్రీలు చేసిన పని అది. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ నెలలు, ఏళ్లపాటు గట్టిపడుతుంది. తడిని కొంతవరకు ఓర్చుకుంటుంది.

1929 నాటి అమెరికన్ థియేటర్లలో అలంకారానికి వాడింది ఎక్కువగా జిప్సం. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల వేడిలో కాల్చి పొడి చేస్తే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వస్తుంది. నీళ్లు కలిపితే నిమిషాల్లో గట్టిపడుతుంది. అచ్చులో పోస్తే పువ్వు రేకు మీది ఈనె కూడా దిగుతుంది. అందుకే పెద్ద పెద్ద థియేటర్లు తక్కువ కాలంలో కట్టగలిగారు. శిల్పి ఒక్క తోరణాన్ని చెక్కితే చాలు, అచ్చు తీసి వందసార్లు పోసుకోవచ్చు. ముక్క పగలకుండా ఉండటానికి లోపల గోనెపట్ట గానీ నార గానీ పెట్టేవారు. మన దగ్గర పీఓపీ పనివాళ్లు కొబ్బరి పీచును ముంచి వేస్తారే, అదే తర్కం.

ఇలా పోసిన ముక్కలు కప్పుకు అతికించినవి కావు, వేలాడదీసినవి. అసలు కప్పుకు, మనకు కనిపించే సీలింగ్‌కు మధ్య చీకటి అటక ఉంటుంది. అక్కడి ఇనుప దూలాల నుంచి తీగలు దిగుతాయి. ఆ తీగలకు ఇనుప పట్టీలు, పట్టీలకు ఇనుప జాలీ, జాలీకి ప్లాస్టర్. కింద కూర్చున్నవారికి స్వర్గంలా కనిపించే కప్పు నిజానికి తీగల మీద నిలబడిన బరువు.

నీరు ఏం చేస్తుంది?

నాలుగు పనులు చేస్తుంది, నాలుగూ చెడ్డవే.

మొదటిది, జిప్సం కొద్దికొద్దిగా నీటిలో కరుగుతుంది. లీటరు నీటికి రెండు గ్రాముల పైచిలుకు. వినడానికి తక్కువే. కానీ ప్రతి వానకూ అదే చోట చుక్కలు పడుతుంటే ఏళ్ల మీద పూల రేకులు నున్నగా అరిగిపోతాయి, మొహాలకు ముక్కులు పోతాయి.

రెండోది, నీరు వెళ్తూ వెళ్తూ ఇటుకల్లోని, సిమెంటులోని లవణాలను మోసుకొస్తుంది. నీరు ఆరిపోయాక ఆ లవణాలు స్ఫటికాలుగా మారి లోపలి నుంచి ప్లాస్టర్‌ను తోస్తాయి. మన ఇళ్లలో గోడకు ఉప్పు పట్టిందని అంటామే, తెల్లటి పొడి రాలుతుంది, అదే ఇది.

మూడోది, ఇనుము తుప్పు పట్టడం. తుప్పుకు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు కావాలి. జాలీ ఉబ్బి ప్లాస్టర్‌ను పగలగొడుతుంది. తీగ సన్నబడి ఒకరోజు తెగుతుంది.

నాలుగోది, గోనెపట్ట కుళ్లడం. పైకి ముక్క బాగానే కనిపిస్తుంది, లోపల పట్టు ఉండదు.

ఈ నాలుగింటిలో చివరి రెండూ కింద నుంచి కనబడవు. రంగు వేసి మరక దాచేస్తే అసలే కనబడవు. మరక మీద రంగు వేయడం అంటే జ్వరం వచ్చినవాడికి పౌడరు పూయడమే.

అందం మాట అటుంచితే...

ఇది అందానికి మాత్రమే సంబంధించిన విషయం అనుకుంటే పొరపాటు. లండన్‌లో ఉండే మన వారికి ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. 2013 డిసెంబర్ 19 రాత్రి షాఫ్ట్స్‌బరీ అవెన్యూలోని అపోలో థియేటర్‌లో నాటకం నడుస్తుండగా సీలింగ్‌లో కొంత భాగం ప్రేక్షకుల మీద కూలింది. హాల్లో ఏడు వందల మందికి పైగా ఉన్నారు. ప్రాణనష్టం జరగలేదు కానీ సుమారు 80 మంది గాయపడ్డారు. అది 1901లో కట్టిన థియేటర్. సీలింగ్‌ను పట్టి ఉంచే గుడ్డ, ప్లాస్టర్ కట్లు వయసు మీద పడి బలహీనపడ్డాయని స్థానిక కౌన్సిల్ విచారణలో తేలింది. తర్వాత ఆరేళ్లకు, 2019 నవంబర్‌లో, అదే నగరంలోని పికడిలీ థియేటర్‌లోనూ ప్రదర్శన మధ్యలో సీలింగ్ ముక్క పడింది. ఈసారి కారణం నీరు కారడమే.

ఒకచోట వయసు, ఒకచోట నీరు. రెండు చోట్లా ప్రమాదం కింద కూర్చున్నవారి కళ్లకు కనబడని వైపు నుంచే వచ్చింది. అపోలో ఘటన తర్వాత బ్రిటన్‌లో పాత థియేటర్ల సీలింగ్‌లను అటక వైపు నుంచి కూడా నిపుణులతో పరీక్ష చేయించడం మీద శ్రద్ధ పెరిగింది. 2019లో హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ ఈ రకం ప్లాస్టర్ సంరక్షణకే ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది.

మరమ్మతులో వరస ముఖ్యం

కింగ్స్‌కు తిరిగి ప్రాణం పోసిన పని 2013లో మొదలై రెండేళ్లపాటు నడిచింది. ఖర్చు సుమారు 9.5 కోట్ల డాలర్లు. 2015 ఫిబ్రవరి 3న డయానా రాస్ కచేరీతో హాలు మళ్లీ కళకళలాడింది. ఇలాంటి పనుల్లో అనుభవజ్ఞులు పాటించే వరస ఒకటి ఉంది. అది తప్పితే పెట్టిన డబ్బంతా మళ్లీ నేల పాలే.

అన్నిటికంటే ముందు కప్పు. కప్పు పొరలు, పిట్టగోడ, వాన నీటి గొట్టాలు సరిచేయాలి. చాలా చోట్ల పెద్ద నష్టానికి మూలం ఆకులు అడ్డుపడిన ఒక చిన్న గొట్టమే అయి ఉంటుంది. కప్పు బాగుచేయకుండా లోపల పువ్వులు అతికించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

తర్వాత ఆరబెట్టడం. ఇక్కడ తొందర పనికిరాదు. పెద్ద పెద్ద హీటర్లు పెట్టి ఒక్కసారిగా ఆరబెడితే లవణాలు గబగబా పైకి వస్తాయి, పగుళ్లు పెరుగుతాయి. గాలి ఆడనిస్తూ నెమ్మదిగా ఆరనివ్వాలి.

ఆ తర్వాత పరీక్ష. హాలు నిండా పరంజా కడతారు. కింది నుంచి చేత్తోనో, చిన్న సుత్తితోనో తట్టి చూస్తారు. గట్టి చోట ఒక శబ్దం, పట్టు వదిలిన చోట బోలు శబ్దం. కొబ్బరికాయ తట్టి చూసే చెవి ఉన్నవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అటకలోకి వెళ్లి ఒక్కో తీగను, ఒక్కో కట్టును చూస్తారు. ఏ ముక్క గట్టిగా ఉంది, ఏది వదులైంది, ఏది పోయింది అన్నది పటం మీద గుర్తుపెడతారు.

అప్పుడు నిలబెట్టే పని. పాతది ఎంత వీలైతే అంత ఉంచాలన్నది సూత్రం. వదులైనదాన్ని పీకి పారేయడం తేలిక. కానీ 1929 నాటి పనివాడి వేలిముద్ర అందులోనే ఉంది. కొత్త తీగలతో మళ్లీ కడతారు, పగుళ్లలోకి జిగురు పదార్థం ఎక్కించి పట్టు తెస్తారు.

పోయినవాటికి మాత్రం అచ్చులు. ఈ భవనాల్లో ఒక అదృష్టం ఉంది. డిజైన్ పదే పదే వస్తుంది. ఎడమవైపు తోరణం పోతే కుడివైపు తోరణం ఉంటుంది. గట్టిగా మిగిలిన ముక్క మీద పాత రంగు పొరలన్నీ జాగ్రత్తగా తీసేసి, సిలికాన్ రబ్బరుతో అచ్చు తీస్తారు. రంగు తీయకుండా అచ్చు తీస్తే దశాబ్దాల రంగు కింద మొద్దుబారిన పువ్వే మళ్లీ వస్తుంది. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి, ఇప్పుడు గోనెపట్టకు బదులు తరచూ గాజు నార వేసి, ఆరాక పైకెత్తి కడతారు. కొత్తదానికీ పాతదానికీ మధ్య అతుకు కనబడకుండా చేయడంలోనే పనివాడి చేయి తెలుస్తుంది.

చివరగా రంగు. పాత రంగు ఏమిటో ఊహించరు. చిన్న పెచ్చు తీసి మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు వలయాల్లా పొరలు కనిపిస్తాయి. అన్నిటికంటే అడుగున ఉన్నది ప్రారంభం రోజు రంగు. ఇలాంటి హాళ్లలో బంగారంలా కనిపించేది చాలాసార్లు ఇత్తడి రేకు, దాని మీద పలచటి గోధుమ రంగు పూత.

చూస్తే రంగు చివర, కప్పు మొదట. కానీ ప్రారంభోత్సవం రోజు ఫొటోల్లో పడేది రంగు ఒక్కటే. దాతల పేర్లు కూడా సాధారణంగా తెర దగ్గరో, కుర్చీల మీదో కనిపిస్తాయి. వాన నీటి గొట్టానికి పేరు పెట్టించుకునే దాత దొరకడం కష్టం. పాత భవనాలకు డబ్బు దొరకని అసలు చోటు అదే.

జర్నల్ స్క్వేర్‌లో ఏం జరిగింది?

ఇప్పుడు మన ఇండియా స్క్వేర్ పొరుగు సంగతి. లోవ్స్ జెర్సీని 1970ల్లో గోడలు అడ్డం కట్టి మూడు తెరలుగా విడగొట్టారు. 1986లో మూసేశారు. కూల్చి ఆ స్థలంలో కొత్త భవనం కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. ఊరివాళ్లు ఊరుకోలేదు. సంతకాలు సేకరించారు, నగర కౌన్సిల్ సమావేశాలకు వరసగా వెళ్లారు. చివరికి 1993లో జెర్సీ సిటీ ప్రభుత్వమే దాన్ని కొన్నది. ఆ తర్వాత 'ఫ్రెండ్స్ ఆఫ్ ద లోవ్స్' అనే స్వచ్ఛంద బృందం వారాంతాల్లో చీపుర్లు, పెయింట్ డబ్బాలు పట్టుకుని లోపలికి వెళ్లింది. అడ్డుగోడలు తీశారు, కుర్చీలు బిగించారు, పాత ప్రొజెక్టర్లు నడిపించారు. కొన్నేళ్లకు హాల్లో మళ్లీ సినిమాలు పడ్డాయి.

అంత పెద్ద భవనాన్ని పూర్తిగా బాగుచేయడం స్వచ్ఛంద సేవకుల వల్ల అయ్యే పని కాదు. 2021లో నగర ప్రభుత్వం ఒక వినోద సంస్థతో పూర్తి పునరుద్ధరణకు ఒప్పందం ప్రకటించింది. అప్పటి అంచనా 7.2 కోట్ల డాలర్లు. తర్వాత అది పది కోట్లు దాటింది. అయినా ఆ వారాంతపు చీపురు పని చిన్నది కాదు. తాళం పడిన భవనంలో మనుషుల అలికిడి ఉంచింది వాళ్లే. కింగ్స్‌కు 37 ఏళ్లు దొరకనిది అదే.

మనకేమిటి?

ఉగాదికి, సంక్రాంతికి మన సంఘాలు హాలు వెతుక్కుంటాయి. ఎక్కువగా హైస్కూల్ ఆడిటోరియంలతో సరిపెట్టుకుంటాం. అవి సౌకర్యం, అద్దె తక్కువ. తప్పేం లేదు. కానీ మనం ఉంటున్న చాలా ఊళ్లలో ఇలాంటి పాత థియేటర్ ఒకటి ఉంటుంది. కొన్నింటిని స్వచ్ఛంద సంస్థలు నడుపుతుంటాయి. రెండేళ్లకో మూడేళ్లకో ఒక పెద్ద నాటకమో, కూచిపూడి ప్రదర్శనో అక్కడ పెడితే అద్దె ఆ కప్పుకు వెళ్తుంది. మన పిల్లలు తమ ఊరి మంచి వేదికను చూస్తారు. ఊరివాళ్లు కూడా మనల్ని కొత్తగా చూస్తారు. ఊరి ఆస్తి మీద ఊరివాడిలా శ్రద్ధ పెట్టినప్పుడే పరాయి ఊరు మన ఊరవుతుంది.

దూరంగా ఉన్నాం కాబట్టి సొంత ఊరి సంగతీ గుర్తుకు రాక మానదు. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒక తరం క్యూలో నిలబడి టికెట్లు తీసుకున్న సుదర్శన్ 70 ఎంఎం ఇప్పుడు లేదు. కోస్తా, సీమ, తెలంగాణ పట్టణాల్లో ఎన్నో టాకీసులు కల్యాణ మండపాలయ్యాయి, గోదాములయ్యాయి, కొన్ని ఖాళీ స్థలాలయ్యాయి. అన్నిటినీ నిలబెట్టలేం, అన్నీ నిలబెట్టదగినవీ కావు. కానీ నిలబెట్టాలని ఎవరైనా ముందుకొస్తే మొదటి చెక్కు సౌండ్ సిస్టమ్‌కు కాకుండా కప్పుకు రాయమని చెప్పగలిగే అనుభవం ఇక్కడున్న మనకు ఉంది.

ఇంట్లో మరక కనబడితే

థియేటర్ పాఠం ఇంటికీ పనికొస్తుంది. మంచు కురిసే రాష్ట్రాల్లో చలికాలం చివర సీలింగ్ మీద పసుపు, గోధుమ రంగు వలయాలు కనబడటం మామూలే. మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. వాన తర్వాత పెరిగిందా అన్నది చూడండి. పెరిగితే నీరు ఇంకా వస్తోందని అర్థం. రంగు వేయించకుండా కప్పు, గట్టర్లు, బాత్రూమ్ గొట్టాలు ముందు చూపించండి. సీలింగ్ కిందికి ఉబ్బితే దాని కింద నిలబడొద్దు, ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వొద్దు. మీది 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. పాత సీలింగ్ పూతల్లో ఆస్బెస్టాస్ కూడా ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా గీకొద్దు.

మీ ఇంట్లో అయినా, మీ గుడిలో అయినా, మీ సంఘం అద్దెకు తీసుకునే హాల్లో అయినా, ఈసారి పెద్ద వాన వెలిసిన మర్నాడు ఒక్క నిమిషం తలెత్తి చూడండి. మరక కనబడితే బాధ్యులకు ఆ రోజే చెప్పండి. ఆ రోజు అయ్యేది రూఫర్ బిల్లు మాత్రమే. చూసేవాళ్లు లేక 37 ఏళ్లు గడిస్తే అయ్యేది 9.5 కోట్ల డాలర్లు.